క్రొత్త సారథికి పగ్గము లెప్పుడు?

అమెరికా దేశమున ఏటేట ఏప్రిలు మాసము వచ్చినంతనే యొక వివాదము తలయెత్తుచుండును. ఇరువదియొకటి, యిరువదిరెండేండ్ల పడుచువాని నొకనిని బంతియాట జట్టువారు కోట్లకొలది ధనమిచ్చి తమలో జేర్చుకొందురు. ఆ యేడే యతని చేతికి పగ్గము లీయవలెనా, లేక యొకటి రెండేండ్లు పెద్దవాని వెనుక నిలిపి నేర్పవలెనా యని పత్రికలవారును, ప్రేక్షకులును వాదులాడుచుందురు. డల్లాసు, హ్యూస్టను మొదలగు నగరములలో మన తెలుగు కుటుంబము లనేకములు కాపురమున్నవి. అచ్చటికి బోయి వచ్చిన యమ్మమ్మలు మనుమల నోట ఈ వాదమును వినియే యుందురు. నిదానమే ప్రధానమని కొందరును, ఆలస్యము అమృతమును విషము చేయునని కొందరును అందురు. సోదరీమణులారా, ఇది వట్టి యాటముచ్చట కాదు. ఒక పిల్లవాని దేహమును, ధైర్యమును, భావిజీవనమును ఇందు ముడివడి యున్నవి. కావున దీనిని గూర్చి మనమును గొంత యోచింతము.

ఆ దేశీయులు ఫుట్‌బాలని పిలుచు నాట మన మెరిగిన కాలిబంతి కాదు. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు నిలుతురు. బంతి గల పక్షము నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలయును. సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును; సాగనిచో బంతి యెదిరివారి పాలగును. ప్రయత్నము మొదలుకాగానే సాధారణముగా బంతి చేరునది క్వార్టర్‌బ్యాక్ అనువాని చేతికి. అతనిని మనము సారథి యనవచ్చును. శిక్షకుడు అతని శిరస్త్రాణములోని రేడియో ద్వారమున వ్యూహమును దెలుపును. గడియారమున 15 సెకండ్లు మిగిలినంతనే యా రేడియో మూగవోవును. ఆ మీద నంతయు నతని బుద్ధియే. ఎదిరివా రెట్లు నిలిచిరో చూచి, వారు కనబరచునది నిజమో కపటమో గ్రహించి, యవసరమైనచో వ్యూహమును మార్చి తనవారికి కేకవేసి చెప్పవలయును. బంతి చేతబడిన పిమ్మట రెండు మూడు సెకండ్లలో నెవనికి విసరవలయునో నిశ్చయింపవలయును. ఆలసించెనా, మహాకాయులైన మల్లులు మీదబడి నేలగూల్తురు. కళాశాల యాటలలో నింతటి కపటములును, నింతటి వేగమును ఉండవు. కనుకనే అచ్చట మేటియైనవాడు ఇచ్చట తడబడుట సర్వసామాన్యము.

భారతము చదువుకొన్న మనకు ఇచ్చట నభిమన్యుడు జ్ఞప్తికి రాక మానడు. ఆ బాలుడు పద్మవ్యూహమున జొచ్చుట యెరుగును, వెలువడుట యెరుగడు. ఆ సంగతి తాను దాచలేదు. మేము నీ వెంటనే వత్తుమని పెద్దలు మాట యిచ్చిరి. సైంధవుడు ద్వారమున నడ్డగించుటచే వారు రాలేకపోయిరి. అభిమన్యుని శౌర్యమున లోపము లేదు, వయస్సును లోపము కాదు. వెనుక నిలువవలసినవారు నిలువలేకపోవుటయే యతనికి చేటయ్యెను. ఈ మాట మనసున నుంచుకొని యచ్చటి చరిత్రలను బరికింతము.

1998వ సంవత్సరమున పేటన్ మానింగు అను యువకుని ఇండియానాపొలిస్ కోల్ట్సు జట్టువారు అందరికన్న ముందుగా నెన్నుకొని, తొలి పోటీనుండియే సారథిని జేసిరి. ఆ యేడు 16 పోటీలలో వారు గెలిచినవి 3 మాత్రమే. అతడు విసరిన బంతులు 28 మారులు శత్రువుల చేజిక్కెను. తొలియేటి సారథులలో నింతటి యపకీర్తి మరెవనికిని నేటివరకు రాలేదు. అయినను మరుసటి యేడు అదే జట్టు 13 పోటీలు గెలిచెను. అతడు ఆ యాటలో మహాపురుషులలో నొకడయ్యెను. నీటిలో దిగక యీత రాదనువారు ఈ దృష్టాంతమునే చూపుదురు.

మంచిది, ఇక రెండవ కథ వినుడు. 2002వ సంవత్సరమున హ్యూస్టను నగరమున టెక్సన్సు అను జట్టు నూతనముగా వెలసెను. వారును డేవిడ్ కార్ అను యువకుని మొట్టమొదట నెన్నుకొని వెంటనే రంగమున దింపిరి. ఆ యొక్క యేడు అతడు 76 మారులు నేలగూల్చబడెను. 2005లో మరల 68 మారులు. ఐదేండ్లలో నొక్క యేడైనను ఆ జట్టునకు ఓటములకంటె గెలుపు లెక్కువ కాలేదు. పిదప నతనిని విడిచిపెట్టిరి. ఆ మీద నతడు ఇతర జట్లలో పెద్దవారి వెనుక నిలుచుటతోనే కాలము గడపెను.

ఇద్దరును నీటిలో దిగినవారే. ఒకడీదెను, ఒకడు మునిగెను. భేద మెక్కడ నున్నది? మానింగు తొలియేట నేలగూలినది 22 మారులు మాత్రమే. అతని ముందు నిలిచిన వరుస అతనిని గాపాడెను. అతని ప్రక్కన మార్షల్ ఫాక్, మార్విన్ హారిసన్ అను సమర్థులుండిరి. అతనితోపాటు ఆ యేడే వచ్చిన వ్యూహశిక్షకుడు టామ్ మూర్ పదేండ్లకుపైగా నతనిని విడువలేదు. అతడు తప్పు చేసెను, ఎందుకు చేసెనో తెలిసికొనెను, మరునాడు దిద్దుకొనెను. కార్ చేసిన తప్పులనుండి నేర్చుటకు సావకాశ మేది? తల యెత్తి చూచులోపలనే నేలబడుచున్నవానికి ఏ విద్య యబ్బును? దెబ్బలు తినితిని కళ్లెదుట బంతిని గాక, వచ్చు దెబ్బనే చూచుట యలవడును.

ఇక నిరీక్షణ సంగతి. 2005వ సంవత్సరమున నిద్దరు సారథులొకేమారు వచ్చిరి. అందరికన్న ముందుగా శాన్‌ఫ్రాన్సిస్కో జట్టువారు ఆలెక్స్ స్మిత్‌ను గైకొనిరి. ఆరోన్ రాజర్సు 24వ వాడుగా గ్రీన్‌బే జట్టునకు జేరెను. స్మిత్ 21 ఏండ్లవాడు. ఆ యేడే రంగమున దిగి, గమ్యము చేర్చిన విసరు ఒక్కటి, శత్రువుల పాలైనవి 11గా నపకీర్తి పొందెను. మొదటి నాలుగేండ్లలో నతని జట్టునకు నలుగురు వ్యూహశిక్షకులు మారిరి. ఏటేట అక్షరాభ్యాసము మరల మొదలుపెట్టుటయే. రాజర్సు బ్రెట్ ఫావ్ర్ అను ప్రసిద్ధుని వెనుక మూడేండ్లు కూర్చుండి, 2008లో పగ్గములు పట్టి, 2010వ సంవత్సరపు పోటీలలో జట్టును సూపర్‌బౌల్ విజేతను జేసెను. ఇందొక చిత్రము కలదు. 2005లో స్మిత్‌నకు వ్యూహములు నేర్పిన మైక్ మెకార్తీయే మరుసటి యేడు గ్రీన్‌బేకు ప్రధానశిక్షకుడై రాజర్సునకు గురువయ్యెను. గురు వొక్కడే. ఒక శిష్యునకు గురువుతో గడపుటకు ఒక్క యేడే లభించెను, అదియు రణరంగమున దెబ్బలు తినుచు. రెండవవానికి వరుసగా నేండ్లు లభించెను.

ఆ స్మిత్ కథ యంతటితో ముగియలేదు. మెల్లమెల్లగా నతడు దిద్దుకొని, కాన్సస్ సిటీ జట్టునకు నేర్పరియైన సారథి యయ్యెను. 2017లో ఆ జట్టువారు పాట్రిక్ మహోమ్స్ అను యువకుని దెచ్చిరి. అతడు తన స్థానమునకే వచ్చినవాడని స్మిత్ ఎరుగును. అయినను మాత్సర్యము బూనక, పోటీకి ముందు వారమంతయు నెట్లు సిద్ధపడవలయునో ఆ కుర్రవానికి కనబరచెను. మహోమ్స్ ఈ మాట తరువాత బలుమారులు కృతజ్ఞతతో జెప్పియున్నాడు. ఆ యేడు మహోమ్స్ ఆడినది కడపటి పోటీ యొక్కటియే. మరుసటి యేడు 50 మారులు బంతిని గమ్యము చేర్చి, ఆ సంవత్సరపు టుత్తమ క్రీడాకారుడని బిరుదు వడసెను. తొందరపాటున తాను పడిన కష్టమును మరియొక బిడ్డకు రానీయని యా పెద్దరికమునకు మనము నమస్కరింప దగును.

అట్లని కూర్చుండబెట్టుటయే శిక్షణయని భ్రమపడరాదు. 2016లో డెన్వరు జట్టువారు పాక్స్‌టన్ లించ్ అనువానిని దెచ్చి నిదానముగా దీర్చెదమనిరి. రెండేండ్లలో నతనికి తొలి సారథిగా నాలుగే పోటీలు దక్కెను. 2018లో నతనిని విడిచిపెట్టిరి. అటక మీద పెట్టిన వీణ తనంత తాను శ్రుతి కలియదు. ప్రతిదినమును దానిని మీటువా డొకడుండవలయును.

వెంటనే దింపుట యన్నివేళల దోషమనియు మేమనము. 2004లో పిట్స్‌బర్గు జట్టున సారథి గాయపడగా, బెన్ రాత్లిస్‌బర్గర్ అను 22 ఏండ్ల క్రొత్తవాడు రెండవ పోటీలోనే దిగవలసి వచ్చెను. ప్రధానపోటీలకు ముందు జరుగు నిత్యపు పోటీలలో నతడు తొలి సారథిగా దిగిన 13 పోటీలును గెలిచెను! అతని జట్టు బలమైనది. శిక్షకుడు భారమును బంతి పట్టి పరుగిడువారి మీదను, రక్షకుల మీదను మోపి, పిల్లవానిని మోయగలిగినంతయే మోయనిచ్చెను.

అయినచో నీ వివాద మేల తెగదు? దానికి కారణ మా యాట కట్టుబాటులోనే యున్నది. గత యేడు అందరికన్న నోడిన జట్టునకే క్రొత్తవారిలో మొదటివానిని కోరుకొను హక్కు కలదు. అనగా నుత్తమమైన విత్తనము తరచుగా చవిటినేలకే చేరును. మరియొక కారణము ధనము. 2011లో జరిగిన యొడంబడిక ననుసరించి క్రొత్తవారి జీతములకు హద్దు లేర్పడెను. మొదటి వరుసలో నెన్నికైనవాని తొలి యొప్పందము నాలుగేండ్లది. అయిదవ యేడు జట్టువారి యిష్టము. ఆ కొలది యేండ్లలోనే సారథి చవుకగా దొరకును. పిదప నతని వెల యాకాశము నంటును. చవుకయైన యేండ్లు కూర్చుండబెట్టి కరగింతుమా యని యజమానులు తొందరపడుదురు. ఉద్యోగము పోవునను భయముతో శిక్షకులును తొందరపడుదురు. తొందర పెద్దలది, దెబ్బలు పిన్నవానివి.

2023వ సంవత్సరపు ముచ్చట యీ సంగతిని మరింత విశదపరచును. కరోలినా జట్టువారు ఆ యేడు బ్రైస్ యంగ్ అను వానిని మొట్టమొదట బొందగోరి, ఆ హక్కును మరియొక జట్టునుండి సంపాదించుటకై తమ మేటి బంతిపట్టువాడగు డి.జె. మూర్‌ను ధారపోసిరి. ఎద్దులనమ్మి బండి కొన్నట్లయ్యెను! ఆ పిల్లవాడు తొలియేట 62 మారులు నేలగూల్చబడెను. అతడు నడిపిన 16 పోటీలలో రెండే గెలిచెను. ప్రధానశిక్షకుని నడుమనే తొలగించిరి. అదే యేడు రెండవవాడుగా నెన్నికైన సి.జె. స్ట్రౌడ్ హ్యూస్టను జట్టున జేరెను. ఇరువదియేండ్ల క్రిందట కార్ చితికిపోయిన జట్టే యది. అంతకుముందటి యేడు 17 పోటీలలో మూడే గెలిచినది. కాని యీమారు క్రొత్త శిక్షకులు వచ్చి నిలకడగా నిలిచిరి. అతని బంతులు 23 గమ్యము చేరగా, 5 మాత్రమే శత్రువుల పాలయ్యెను. జట్టు 10 పోటీలు గెలిచెను. కావున గత యేటి గెలుపోటములను జూచి యింటిని లెక్కింపరాదు. నేడు ఆ యింట నెవరున్నారు, రేపును ఉందురా యనునదే చూడవలయును.

మా యభిప్రాయ మిది. పిల్లవాడు సిద్ధముగా నున్నాడా యని యడుగుటకు ముందు, ఇల్లు సిద్ధముగా నున్నదా యని యడుగవలయును. అతని ముందు నిలిచి దెబ్బలను గాచువారున్నారా? అతని గురువు మరుసటి యేడును ఉండునా? అతడు తప్పు చేసిన నాడు దిద్దుదురా, లేక నలుగురి యెదుట నిలబెట్టి తిట్టుదురా? ఈ మూడింటికిని మంచి ప్రత్యుత్తరము వచ్చినచో రేపే దింపవచ్చును. మానింగువలె నోడినను నేర్చును. రానిచో నెంతటి ప్రజ్ఞావంతునినైనను ఆపవలయును. ఆపినవారు ఊరక కూర్చుండక, ఆ కాలమున నింటిని జక్కబెట్టుకొనవలయును.

ఈ విచారణ సముద్రమున కావలి యాటకు మాత్రమే చెల్లునది కాదు. క్రొత్తగా వచ్చిన యుపాధ్యాయునకు బడిలోనెల్ల నల్లరియైన తరగతి నప్పగించుటయు, పెండ్లియై నెల తిరుగని కోడలికి ఇరువదిమంది వంటను, తాళపుచెవులను ఒక్కమారే యిచ్చి ఉప్పెక్కువైనదని దెప్పుటయు మన మెరుగని సంగతులు కావు. పదేండ్లు గడచినను కోడలికి అటక తాళము చేతికీయని యిండ్లును ఉన్నవి. అదియు శిక్షణ కాదు. బాధ్యత నిచ్చు దినమున ఇచ్చువారును ప్రక్కన నిలువవలయును. మొదటి నెలలో కూర మాడినచో, అత్తగారే పొయ్యికడకు వచ్చి, మంట యెంత యుండవలెనో చూపి, ఆ పూటకు పచ్చడితో సరిపుచ్చుకొనవలయును.