కుప్ప కాడ ఎవలు పండుకుంటున్నరు?

పోయిన ఎపిసోడ్‌లో మా ఆదివారం ముచ్చట్లు విన్నంక కొంతమంది వాయిస్ మెసేజీలు పెట్టిండ్రు. "అన్నా, ఇంటికి ఫోన్ చేస్తే ఎవలన్న పిల్లలెట్లున్నరని అడుగుతరు. నువ్వేందే, వడ్ల తేమ ఎంత, కుక్క ఏడుంది అని అడుగుతవు?" అని నవ్విండ్రు. నవ్వే ముచ్చటే. కాని దాని వెనుక సంగతి మైకు ముందర చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్న.

షార్జాలో మా రూములో నలుగురం. నాది జగిత్యాల దిక్కు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి వచ్చి, ఇప్పుడు సైటు సూపర్‌వైజర్. ఇంకొకాయన రాజోలు అన్న, ఒకడు రాయచోటి తమ్ముడు, నాలుగో మనిషి సిరిసిల్ల బావ. బావకు గుంటెడు భూమి లేదు గని, అందరి పంటల లెక్కలు ఆయన నోట్లోనే ఉంటయ్. ఆదివారం పొద్దున పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఒక్కొక్కరం ఇంటికి కలుపుతం. మనకు ఎనిమిదంటే ఇంటి కాడ తొమ్మిదిన్నర. వాట్సాప్ కాల్ ఇక్కడ కలవదు కాబట్టి బోటిమ్‌లో మాట్లాడతం. ఎవరి ఫోనైనా నలుగురి మధ్యన తిరుగుతది. రాయచోటి తమ్ముడి వాళ్ళమ్మ నాతోటి మేకల గురించి మాట్లాడుతది, మా అవ్వ రాజోలు అన్నను కొబ్బరికాయ ధర అడుగుతది. ఎవల ఇంటికి చేసినా మొదటి మాట ఒకటే. "అంతా మంచిదేనా?" "ఆ, అంతా మంచిదే."

నన్ను ముంచింది ఆ "మంచిదే" అన్న మాటనే.

ముందు వాతావరణం సంగతి చెప్త. ఇక్కడ ఆగస్టు ఆఖరు వారంలో తెల్లారకముందు సుహైల్ చుక్క కనబడ్డదంటే అరబ్బులు ఇక ఎండలు తగ్గుతయ్ అంటరు. రాజోలు అన్న అదే మన అగస్త్య నక్షత్రమండీ అంటడు. సెప్టెంబర్ 15తోటి మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటిదాకా ఉండే రెస్టు అయిపోతది. అక్టోబర్ సగం దాటిందంటే పొద్దున పొగమంచు, సాయంత్రం సల్లగాలి. మనకు పానం లేచి వస్తది. ఆదివారం పార్కుకు పోతం, క్రికెట్ ఆడతం. సరిగ్గ అప్పుడే ఇంటి కాడ వరి కోతలు మొదలైతయ్. అంటే మనం నిమ్మళమైనప్పుడు వాళ్ళకు రంధి మొదలైతది. మనం హుషారుగ ఫోన్ చేస్తం, వాళ్ళు ఆ హుషారు చెడగొట్టొద్దని "మంచిదే" అంటరు. ఈ తేడా నాకు అర్థం కావడానికి పదేండ్లు పట్టింది.

చానామందిమి చిన్నప్పుడు పొలంల పని చేసినోళ్ళమే గని, అప్పటి కోత వేరు, ఇప్పటి కోత వేరు. అప్పుడు కొడవండ్లతో కోసి, మెదలు ఎండినంకనే కొట్టేటోళ్ళు. ఇప్పుడు హార్వెస్టర్ గంటల్ల కోసి పోస్తది. పొలం బురద ఉంటే టైర్ల మిషన్ దిగదు, చైన్ మిషన్ కావాలె, దానికి గంటకు కిరాయి ఎక్కువ. పచ్చి మీదనే కోస్తరు కాబట్టి వడ్లల్ల తేమ ఇరవై దాటి ఉంటది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటొద్దు. మన సైటుకు కాంక్రీటు బండి వస్తే ముందు స్లంప్ టెస్ట్ చేస్తం కదా, నీళ్ళు ఎక్కువుంటే బండిని వాపస్ పంపుతం. అక్కడ తేమ మీటరు అట్లాంటిదే. తేడా ఏందంటే, బండి వాపస్ పోతే నష్టం కంపెనీది. వడ్లు ఆగిపోతే కుప్ప పక్కన నిలబడేది మన నాయిన.

తేమ తగ్గినా పని అయిపోదు. వంతు రావాలె, గన్నీ సంచులు రావాలె, సంచికి నలభై కిలోల లెక్కన హమాలీలు తూకం వేయాలె, లారీ రావాలె, మిల్లుల దించుకోవాలె. ఆ తర్వాతనే బ్యాంకుల పైసలు. తరుగు పేరు మీద సంచికి కిలో, రెండు కిలోలు ఎక్కువ తూగేది వేరే పంచాయితీ, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. లారీ ఎక్కేదాక కుప్ప బాధ్యత రైతుదే. రాత్రి వాన పడితే పరదా గుంజాలె, పందులొస్తే కొట్టాలె. అంటే అక్కడ ఎవలో ఒకలు పండుకోవాలె.

2021 నవంబర్‌లో నేను ప్రతి వారం బాపును అడిగింది ఒక్కటే. "పైసలు పడ్డయా?" బ్యాంకు కిస్తీ ఉండె, నా తలకాయల అదే తిరుగుతుండె. "పడతయ్ బిడ్డా, ఇంకో నాలుగొద్దులు" అనేటోడు. ఒక రోజు నా బిడ్డతోటి వీడియోల మాట్లాడుతూ, "టైగర్‌ను చూపియ్ బిడ్డా" అన్న. టైగర్ అంటే మా కుక్క. పేరే పులి, మేకను చూస్తే ఉరుకుతది.

"టైగర్ ఇంట్ల లేదు డాడీ. తాత కాడనే పంటది."

"తాత ఏడ పంటున్నడు?"

ఫోన్ నా భార్య చేతిలకు పోయింది. ఇంక దాచలేక చెప్పింది. బాపు కేంద్రంల కుప్ప కాడ పండుకోబట్టి అప్పటికి పంతొమ్మిది రాత్రులు. షుగర్ మనిషి. మంచుల పండుకుని జ్వరం వస్తే సూది వేయించుకుని మళ్ళ అక్కడికే పోయిండు. ఒక రాత్రి వాన గట్టిగ కొడితే ఉన్న ఒక్క పరదా సాలలేదు, అంచుకు ఉన్న వడ్లు మొలకలెత్తినయ్. మొలకలు, రంగు మారినవి, దెబ్బతిన్నవి అన్నీ కలిపి నూటికి ఐదు దాటితే తీసుకోరు. ఆ వడ్లు పక్కకు తీసి, వచ్చిన ధరకు బయట అమ్ముకున్నరు.

మూడు వందల దిర్హాములు ముందు పంపితే రెండు పరదాలు వచ్చేటివి. ఇంకో నాలుగు డబ్బులు పంపితే రాత్రికి ఒక మనిషిని కూలికి పెట్టుకునేటోళ్ళు. నా దగ్గర లేక కాదు, నేను అడగక. అడిగింది వాళ్ళు నాకు ఇచ్చే పైసల గురించి. ఆ రోజు కూర ముందర కూసుంటే బుక్క దిగలేదు.

అప్పటిసంది మా రూముల అడిగే పద్ధతి మారింది. "అంతా మంచిదేనా" అంటే ఎవరైనా "మంచిదే" అంటరు. "తేమ ఎంత వచ్చింది" అంటే అంకె చెప్పాలె. కోత ఏ రోజు అయింది, సంచులు వచ్చినయా, ముందర ఎందరి వంతు ఉన్నది, పరదాలు సొంతమా కిరాయా అని ఒక్కొక్కటే అడుగుతం. అంకె చెప్పాల్సి వచ్చేసరికి దాచుడు కష్టం. పోలీసు లెక్క అడగొద్దు మళ్ళ, నడుమ నడుమ కోడిపిల్లల ముచ్చట కూడ కావాలె. పెద్దోళ్ళు దాస్తే పిల్లలను పశువుల గురించి అడుగుండ్రి. బర్రెకు గడ్డి ఎవలు వేస్తున్నరు, కుక్క ఏడ తింటున్నది అంటే, ఇంట్ల ఎవలు ఉన్నరో ఎవలు లేరో దానంతట అదే బయటపడుతది.

దోస్తుల దగ్గర ఇంకో లాభం ఉన్నది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. రాజోలు అన్న ఆ రాత్రంతా మంచం మీద కూసునే ఉన్నడు. మేం సానుభూతి చెప్తున్నం. తెల్లారి చూస్తే వాన మా తెలంగాణ దిక్కు వచ్చి వరంగల్, హనుమకొండలను ముంచింది. మేం వానాకాలం పంట అంటం, వాళ్ళు సార్వా అంటరు, తడిసినప్పుడు వాసన మాత్రం ఒక్కటే. పడిపోయిన చేను, తడిసిన పనలు మొలకెత్తకుండ లీటరు నీళ్ళకు యాభై గ్రాముల ఉప్పు కలిపి కొట్టాలని వాళ్ళ దిక్కు వ్యవసాయం వాళ్ళు చెప్తరని రాజోలు అన్న అన్నడు. సిరిసిల్ల బావ అది అందరి ఊర్లకు వాయిస్ చేసి పంపిండు.

ఇంకొక సంగతి ఒప్పుకోవాలె. అబద్ధం వాళ్ళొక్కలే ఆడలేదు. జూలైల అవ్వ "ఎండ ఎట్లున్నది బిడ్డా" అంటే, పదిహేనేండ్లసంది "మేం ఏసీల ఉంటం అవ్వా" అనే చెప్తున్న. ఏసీ ఉండేది రూముల, స్లాబ్ మీద కాదు. మనం ఇట్ల చెప్పుకుంట వాళ్ళు నిజం చెప్తలేరని ఎట్ల అనాలె?

పోయిన నవంబర్‌ల ఒక ఆదివారం బాపుకు కలిపిన. అంతా మంచిదే అన్నడు.

"టైగర్ ఏడున్నది?"

కొద్దిసేపు సప్పుడు లేదు. తర్వాత నవ్విండు. "నా కాళ్ళ కాడనే ఉన్నది."

"తేమ?"

"పద్దెనిమిదిన్నర. ఇంకో రెండు ఎండలు కావాలె. మూడు పరదాలున్నయ్. రాత్రికి మీ చిన్నాయిన కొడుకొస్తుండు, నేను ఇంటికి పోయి పంట. సరే గని, నీ కాడ ఎండ ఎంతున్నది?"

"ఇప్పుడు సల్లగనే ఉన్నది బాపు. ఆగస్టుల మాత్రం ఒక రోజు స్లాబ్ మీద కండ్లు తిరిగి కూలబడ్డ. చెప్పలేదు నీకు."

"ఎన్నొద్దులు పండుకున్నవ్?"

"రెండొద్దులు."

"నీళ్ళెవలు ఇచ్చిండ్రు?" అన్నడు. రాజోలు అన్న పేరు చెప్పిన. ఫోన్ ఆయనకు ఇయ్యమన్నడు.