పరుగు రాకపోతేనేం, నడక చాలదా?

పరుగంటే గిట్టనివారు సహాయనిధి కోసం జరిపే హాఫ్ మారథాన్‌లో పాల్గొనవచ్చా? నడిచేవారిని అనుమతించే చోట నిస్సంకోచంగా పాల్గొనవచ్చు. దాని దూరం 21.0975 కిలోమీటర్లు. మన పెనుమూడి వైపు వారికి తెలిసిన లెక్కలో, రేపల్లె-తెనాలి రైలు దారిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. గంటకు 6 కిలోమీటర్లు నడిస్తే మూడున్నర గంటల పని.

నడక చిన్నతనమేమీ కాదు. 1951లో వినోబా భావే తెలంగాణ పల్లెల్లో కాలినడకన తిరుగుతూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం అలా మొదలైంది. సఫా, మర్వాల నడుమ సఈ చేసేటప్పుడు కూడా పచ్చదీపాల మధ్య పురుషులు వేగంగా సాగుతారు. స్త్రీలు, వృద్ధులు మామూలుగా నడుస్తారు. సఈ అందరిదీ నెరవేరుతుంది.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. గమ్యం చేరడానికి గడువెంతో ముందే తెలుసుకోండి. కొన్ని నెలల ముందు నుంచే వారం వారం దూరం పెంచుతూ సాధన చేయండి. గుండెజబ్బు, షుగరు ఉన్నవారు వైద్యుణ్ణి సంప్రదించాలి. మీరు కట్టే రుసుములో చొక్కాలకు, ఏర్పాట్లకు ఎంత పోతుందో, పేదలకు ఎంత చేరుతుందో అడగండి. ఆ రుసుమును జకాత్ లెక్కలో వేయకండి. జకాత్ దాని హక్కుదారులకే చేరాలి. విడిగా ఇచ్చేది సదఖా అవుతుంది.

ముందు చేరినవాని రూపాయికీ, చివర చేరినవాని రూపాయికీ మందుల దుకాణంలో విలువ ఒక్కటే.