మూత్రపిండ రోగికి పప్పు నిషిద్ధమా?

మూత్రపిండముల వ్యాధి అనగానే మన రాష్ట్రమున అందరికిని శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానము స్ఫురించును. అచ్చటి వ్యాధికి మూలకారణము నేటికిని పూర్తిగా తేలలేదు. కాని ఈ వ్యాధి ఉద్దానమునకే పరిమితమనియు, కర్నూలు, కడప సీమలకు దీనితో పని లేదనియు తలచుట తగదు. దేశమంతటను మూత్రపిండములు క్రమముగా చెడుటకు ముఖ్య కారణములు మధుమేహము, రక్తపు పోటు. ఈ రెండును లేని గ్రామము నేడు అరుదు. కావున పంచాయతీ సభ్యులు ఈ వ్యాధిని గూర్చి, అందును రోగి భోజనమును గూర్చి, కొంత తెలిసికొని యుండుట అవసరము.

మూత్రపిండములు చెడినవని తెలిసిన నాటినుండి ఇంటివారు సాధారణముగా రెండు త్రోవలలో ఒకటి పట్టుదురు. కొందరు పప్పు, పాలు, గ్రుడ్డు సమస్తమును మాన్పించి చారు అన్నముతో సరిపెట్టుదురు. మరికొందరు నీరసించిన మనిషికి బలము రావలెనని మాంసము మితిమీరి పెట్టుదురు. రెండును హానికరములే. ఏల హానికరములో తెలియవలెనన్న, మనము తిను మాంసకృత్తులు దేహములో ఏమగుచున్నవో చూడవలెను.

మాంసకృత్తులు ఏమగును?

పప్పు, శనగలు, పాలు, గ్రుడ్డు, మాంసము మున్నగువానిలోని మాంసకృత్తులు చిన్న ప్రేగులో జీర్ణమై కండకును, రక్తమునకును వలయు పదార్థములగును. దేహము వాడుకొనగా మిగిలిన నత్రజనిని కాలేయము యూరియాగా మార్చును. ఆ యూరియాను వడకట్టి మూత్రముతో వెలుపలికి పంపుట మూత్రపిండముల పని.

ఆ పని కుంటుపడినపుడు యూరియా రక్తములో నిలిచి ప్రేగులలోనికి అధికముగా ఊరును. పెద్ద ప్రేగులో లెక్కకు మించిన సూక్ష్మజీవులు నివసించుచున్నవి. వానిలో కొన్ని యూరియాను అమ్మోనియాగా మార్చును. ఈ అమ్మోనియా ప్రేగు లోపలి పొరను దెబ్బతీయును. కంచె సడలిన చేనిలో పశువులు పడినట్లు, పొర సడలిన ప్రేగునుండి మలినములు రక్తములో చొరబడును.

ఇంతటితో ముగియదు. చిన్న ప్రేగులో జీర్ణము గాక పెద్ద ప్రేగును చేరిన మాంసకృత్తులను అచ్చటి సూక్ష్మజీవులు కుళ్లజేయును. దానివలన పుట్టిన పదార్థములు తుదకు ఇండాక్సిల్ సల్ఫేట్, పారా-క్రెసిల్ సల్ఫేట్ అను విషములగును. ఆరోగ్యవంతుని మూత్రపిండములు వీనిని ఎప్పటికప్పుడు బయటికి పంపివేయును. రోగి రక్తములో ఇవి పేరుకొని గుండెకును, రక్తనాళములకును కీడు చేయునని పరిశోధకులు భావించుచున్నారు. ఇవి రక్తములోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకొని యుండుటచే డయాలిసిస్ యంత్రము సైతము వీనిని చాలినంతగా తొలగింపజాలదు. కావున విషము పుట్టిన పిదప తీయుటకంటె, పుట్టుచోటనే తగ్గించుట మేలు.

పీచు చేయు ఉపకారము

ప్రేగులోని సూక్ష్మజీవులకు పీచు దొరికినచో వానిలో మేలైనవి దానిని తిని, ప్రేగు పొరను కాపాడు ఆమ్లములను తయారుచేయును. పీచు కొరవడినచో మాంసకృత్తులను కుళ్లజేయుట హెచ్చును. మలబద్ధము దీనికి తోడైనచో కీడు రెట్టింపగును. ఈ రోగులలో మలబద్ధము సామాన్యము. కూరలు తగ్గించుట, నీటికి పరిమితి, ఇనుపధాతువు మాత్రలు దీనికి కారణములు. రోజూ విరేచనము అగుచున్నదా లేదా అను సంగతిని రోగి సిగ్గుపడక వైద్యునితో చెప్పవలెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల పాలిష్ బియ్యములో పీచు 3 గ్రాములకు లోపే. జొన్నలలో అది సుమారు 10 గ్రాములు, రాగులలో సుమారు 11 గ్రాములు. జొన్న రొట్టె, కొర్రన్నము, రాగి సంకటి మన సీమకు క్రొత్తవి కావు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చి పేదల ఆకలి తీర్చినది. దానితోపాటు మెట్టధాన్యములు మన కంచములనుండి వెనుకకు తొలగినవి. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము 'సూర్యనంది' వంటి మంచి కొర్ర రకములను రైతులకు అందించినది. విత్తనమునకు కొరత లేదు, వాడుకయే మరల రావలెను.

ఒక హెచ్చరిక కలదు. వ్యాధి ముదిరినవారి రక్తములో పొటాషియము హెచ్చినచో గుండె ఆగు ప్రమాదము కలదు. అట్టివారు రాగులు, ఆకుకూరలు, వేరుశనగ, అరటిపండు, కొబ్బరినీరు ఎంత తీసికొనవలెనో రక్తపరీక్ష చూచి వైద్యుడే చెప్పవలెను.

ఎంత తినవచ్చును?

వ్యాధి నడిమి దశ దాటి, డయాలిసిస్ ఇంకను ప్రారంభము కాని పెద్దవారికి, దేహపు బరువులో కిలోకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2024లో వెలువడిన అంతర్జాతీయ సూచనలు తెలుపుచున్నవి. 50 కిలోల మనిషికి ఇది 40 గ్రాములు. 150 గ్రాముల బియ్యము, 150 గ్రాముల జొన్నలు, 45 గ్రాముల కందిపప్పు, ఒక చిన్న గిన్నెడు పెరుగు కలిసి సుమారు ఇంతే యగును. అనగా పప్పు నిషిద్ధము కాదు, కొలత తప్పుట నిషిద్ధము.

డయాలిసిస్ మొదలైన పిదప లెక్క మారును. ప్రతి పర్యాయమును కొంత పోషకము యంత్రముగుండా పోవును. అప్పుడు కిలోకు 1.0 నుండి 1.2 గ్రాములు, అనగా ఆ 50 కిలోల మనిషికే 50 నుండి 60 గ్రాములు అవసరము. పాత పథ్యమునే పట్టుకొని యున్న రోగి కండ కరగి, వ్యాధికంటె ముందు ఆకలిచేతనే కృశించును. ఈ ఒక్క సంగతి ప్రతి రోగి ఇంటను తెలియవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. ముప్పది ఏండ్లు దాటిన ప్రతివారును రక్తపు పోటు, చక్కెర పరీక్షలు చేయించుకొనునట్లు ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం.ల ద్వారా చూడవలెను. ఈ రోగములున్నవారికి ఏటేట మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ పరీక్షింపజేయవలెను.

2. నొప్పి మాత్రలు దుకాణమున కొని రోజుల తరబడి మ్రింగుట, నాటుమందులు వాడుట మూత్రపిండములకు చేటని చాటింపవలెను.

3. ఊరగాయ, అప్పడము, ఎండుచేప వంటి ఉప్పు పదార్థములు తగ్గింపవలెనని ఇంటి ఆడవారికే గాక మగవారికిని నచ్చజెప్పవలెను.

4. డయాలిసిస్ రోగికి సాధారణముగా వారమునకు రెండు మూడు పర్యాయములు పట్టణమునకు పోవలసియుండును. అతనికి వాహనము, తోడు మనిషి కుదురునట్లు సాయపడవలెను. ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమము 2016 నుండి అమలులో నున్నది. దానివలన పేదలకు లభించు ఉచిత సేవను గూర్చి తెలుపవలెను.

చేను ఎండుటకు మునుపే మడవ చూచుకొను రైతునకు ఈ జాగ్రత్తను వేరుగా నేర్పనక్కరలేదు. పరీక్ష ముందుగా జరుగవలెను, కంచములో పప్పు కొలతగా నుండవలెను, పీచు నిండుగా నుండవలెను. ఈ మూడు మాటలను తమ గ్రామమున ఇంటింటికి చేర్పవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.