చప్పట్ల వెనక లెక్క చదివారా?

ఆటగాడి మీద అభిమానుల స్పందన కూడా డేటానే. దాన్ని చదవడం వస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి గట్టి ప్రాజెక్టు ఒకటి చేతిలో ఉన్నట్టే. మనవాళ్లు పెద్దగా చూడని పురుషుల ఫిగర్ స్కేటింగ్ ఇందుకు భలే పనికొస్తుంది.

2016 ఆగస్టు 22న రియో ఒలింపిక్స్ రజతంతో పి.వి. సింధు, ఆమెతో పాటు కోచ్ గోపీచంద్ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగారు. వాళ్ల కోసం ముంబై నుంచి ఓపెన్ టాప్ డబుల్ డెక్కర్ బస్సు తెప్పించారు. అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగింపు. రోడ్డుకు రెండు వైపులా జనం, జెండాలు, సెల్‌ఫోన్లు. 2022 మేలో బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయి వచ్చిన నిఖత్ జరీన్‌కూ ఇక్కడే ఘనస్వాగతం పలికారు. 2024లో టీ20 ప్రపంచకప్ గెలిచి సిరాజ్ వచ్చినప్పుడు మెహిదీపట్నం రోడ్లు నిండిపోయాయి. అదే సిరాజ్ 2021 జనవరి 21న ఆస్ట్రేలియా నుంచి వచ్చి, ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరకు వెళ్లాడు. ఆ రోజు అభిమానుల స్పందన వేరు. కేకలు లేవు, చాలామంది కళ్లు తడిశాయి.

అంటే అభిమానం అన్నిసార్లూ ఒకేలా ఉండదు. పైగా అందరికీ దక్కదు కూడా.

హైదరాబాద్‌లో ఫిగర్ స్కేటర్ ఉన్నాడని మీకు తెలుసా? పేరు అనూప్ కుమార్ యామా. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు గెలిచాడు. ఒకటి పురుషుల సింగిల్స్‌లో, రెండోది అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో. 2015కు అర్జున అవార్డు అందుకున్నాడు. ఆయన ఆట మంచు మీద కాదు, చక్రాల మీద. దాన్ని ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అంటారు. సంగీతం, గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగే జంపులు, స్పిన్‌లు, జడ్జీల మార్కులు అన్నీ మంచు మీది ఫిగర్ స్కేటింగ్ లాంటివే. మంచు లేని ఊరికి చక్రాలే దిక్కు మరి.

ఆ మధ్య శంషాబాద్ దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ పిల్లలతో మాట్లాడుతూ ఈ పేరు అడిగాను. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ‘స్కేటింగ్ అంటే రేస్ కదా అన్నా, ఇందులో గెలిచిందెవరో ఎట్ల తెలుస్తది?’ అని ఒకబ్బాయి అడిగాడు. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదది. గెలుపోటములు కంటికి కనిపించని ఆటలో అభిమాని ఎలా స్పందిస్తాడు? కోపమొస్తే ఎవరి మీద రావాలి? చాలా దేశాల ఫిగర్ స్కేటింగ్ అభిమానులు ఏళ్లుగా తలకిందులవుతున్నది దీని గురించే.

బొమ్మల వర్షం

2018 ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ యుజురు హన్యు వరుసగా రెండో స్వర్ణం గెలిచాడు. ఆయన ప్రదర్శన ముగియగానే అభిమానులు రింక్‌లోకి విన్నీ ద పూ ఎలుగుబంటి బొమ్మలు విసిరారు. ఎన్నంటే మంచు కనపడనన్ని. వాటిని ఏరడానికి పిల్లల బృందం ఒకటి స్కేట్లు కట్టుకుని సిద్ధంగా ఉంటుంది. బొమ్మలను ఆయన అక్కడి స్థానికులకే ఇచ్చేశాడు. ఆ ఏడాది ఏప్రిల్ 22న సొంతూరు సెండాయ్‌లో జరిగిన విజయోత్సవ ఊరేగింపుకు లక్షకు పైగా జనం వచ్చారు. మన శంషాబాద్-గచ్చిబౌలి ఊరేగింపు చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు.

తేడా ఊరేగింపు తర్వాత మొదలవుతుంది. ఈ ఆట అభిమానుల్లో చాలామంది చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోరు. మార్కుల షీటు తెరుస్తారు. దాన్ని ప్రొటోకాల్ అంటారు. పోటీ ముగిశాక అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ (ఐఎస్‌యూ) దాన్ని పీడీఎఫ్‌గా బయటపెడుతుంది. ఏ జంప్‌కు ఏ జడ్జి ఎంత వేశాడో వరుసగా ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు.

ఈ పారదర్శకత ఊరికే రాలేదు. 2002 సాల్ట్‌లేక్ ఒలింపిక్స్ పెయిర్స్ పోటీలో జడ్జీల వ్యవహారం పెద్ద రచ్చయింది. చివరికి రెండు జంటలకు స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. ఆ దెబ్బకు ‘ఆరుకి ఎంత’ అనే పాత మార్కుల పద్ధతి పోయి, ప్రతి అంశానికీ విడిగా పాయింట్లు వేసే పద్ధతి వచ్చింది.

4 పాయింట్ల కథ

ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒక్క జంప్‌తో చూద్దాం. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు హన్యు మూడో స్వర్ణం కోసం వచ్చాడు. ఫ్రీ స్కేట్‌లో క్వాడ్ యాక్సెల్‌కు ప్రయత్నించాడు. గాల్లో నాలుగున్నర చుట్లు తిరగాలి. అప్పటికి పోటీలో దాన్ని సరిగ్గా దిగినవాళ్లు ప్రపంచంలో ఒక్కరూ లేరు. ఆయనా కింద పడ్డాడు. చుట్టు కూడా పూర్తి కాలేదు. మొత్తం మీద నాలుగో స్థానం.

ఇప్పుడు లెక్క. క్వాడ్ యాక్సెల్ మూల విలువ 12.50. చుట్టు తగ్గితే అందులో 80 శాతమే ఇస్తారు, అంటే 10. జంప్ ఎంత బాగా చేశారన్నదానికి జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. ఒక్కో మెట్టుకు మూల విలువలో 10 శాతం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కింద పడితే దాదాపుగా మైనస్ 5 ఖాయం, అంటే సగం పోయి 5 మిగులుతుంది. పడినందుకు మొత్తం స్కోరులోంచి ఇంకో పాయింటు కోత. చేతికి వచ్చింది 4.

పిల్లలు కూడా వేసే డబుల్ యాక్సెల్ విలువ 3.30. దాన్ని నీటుగా చేసి ప్లస్ 3 తెచ్చుకుంటే 4.29. చరిత్రలో ఎవరూ చేయని సాహసం కన్నా అదే ఎక్కువ!

సరే, ఆ సాహసం జోలికి పోకుండా ట్రిపుల్ యాక్సెల్ వేసుంటే హన్యుకు పతకం వచ్చేదా? ట్రిపుల్ విలువ 8. ప్లస్ 3 వస్తే 10.40. అంటే 6.40 పాయింట్లు కలిసొచ్చేవి. కానీ కాంస్యం గెలిచిన షోమా ఉనోకు 293.00, హన్యుకు 283.21. తేడా 9.79. ఈ ఒక్క జంప్ మార్చినంత మాత్రాన పతకం దక్కేది కాదు. పడిపోవడం వల్ల ప్రదర్శన మార్కుల మీద పడే ప్రభావం సంగతి వేరే, దాన్ని ఇంత సులువుగా లెక్కగట్టలేం. ఎలాగూ అందని పతకం కోసం తగ్గి ఆడలేదని అభిమానులు ఆయన్ని ఇంకా నెత్తిన పెట్టుకున్నారు. ఏడు నెలల తర్వాత, 2022 సెప్టెంబరులో, అమెరికా కుర్రాడు ఇలియా మలినిన్ అదే జంప్‌ను పోటీలో మొదటిసారి సరిగ్గా దిగాడు.

‘ఫలానా జడ్జి మావాణ్ని తొక్కేశాడు’ అనే ఆరోపణనూ ఇలాగే పరీక్షించొచ్చు. తొమ్మిది మంది జడ్జీలు 3, 3, 2, 4, 3, 3, 5, 2, 3 వేశారనుకోండి. అన్నిటికన్నా ఎక్కువది ఒకటి, తక్కువది ఒకటి తీసేస్తారు. మిగిలిన ఏడింటి సగటు సరిగ్గా 3. ఆ 5 వేసిన పెద్దమనిషి మార్కు అసలు లెక్కలోకే రాలేదు. స్టాటిస్టిక్స్‌లో ట్రిమ్డ్ మీన్ అని చదువుకుని మర్చిపోయింది ఇదే.

అన్నట్టు, బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన నేథన్ చెన్ యేల్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ అండ్ డేటా సైన్స్ చదివాడు. హన్యు 2020లో వాసెడా యూనివర్సిటీ డిగ్రీ కోసం రాసిన థీసిస్ ఫిగర్ స్కేటింగ్‌లో మోషన్ క్యాప్చర్ వాడకం మీద. ఇద్దరూ తమ ఆటనే చదువులోకి లాక్కొచ్చారని అనను గానీ, ఆట, అంకెలు పక్కపక్కన ఉన్నాయి.

‘చంపేశాడు’ అంటే మంచా చెడా?

ఇక అభిమానుల మాటల దగ్గరకొద్దాం. మన ఇంజినీరింగ్ విద్యార్థుల రెజ్యూమేల్లో ‘సెంటిమెంట్ ఎనాలిసిస్’ ప్రాజెక్టు విరివిగా కనిపిస్తుంది. ఎక్కువగా ఇంగ్లిష్ సినిమా రివ్యూల రెడీమేడ్ డేటాసెట్, ఎవరో రాసిన కోడ్, కింద 94 శాతం యాక్యురసీ. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని చూసి చూసి విసిగిపోయారు.

అదే పని తెలుగులో చేసి చూడండి. ఒక మంచి స్కేటింగ్ వీడియో స్నేహితులకు చూపించి, స్పందన రాయమంటే ఏం రాస్తారు? ‘అన్న ఇరగదీశాడు’, ‘చంపేశాడు’, ‘చించేశాడు పో’, ‘మెంటలెక్కించాడు’, ‘కిరాక్’. పదాల అర్థం మాత్రమే చూసే మోడల్‌కు ఇదంతా హత్యాకాండలా కనిపిస్తుంది. మనకేమో పరమ మెచ్చుకోలు. ‘దండం సామీ’ అన్నది భక్తితోనా, విసుగుతోనా? ‘ఏం చేశాడ్రా బాబూ’లో మెప్పుందా, ఎత్తిపొడుపుందా? ముందూ వెనకా చూడకుండా మనిషికే తెలీదు. పైగా మనం తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాం. ‘బాగుంది’లో ఒకరు ఒక ‘ఏ’ పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు, మరొకరు మధ్యలో ‘హెచ్’ తగిలిస్తారు. మోడల్‌కు అవి మూడు వేర్వేరు పదాలు.

ఈ సమస్య ఆటలకే పరిమితం కాదు. విమానాశ్రయాలు ప్రయాణికుల స్పందనను కొలిచి ర్యాంకులిచ్చే ఏఎస్‌క్యూ అనే అంతర్జాతీయ సర్వే ఒకటుంది. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టు అందులో పలుసార్లు అవార్డులు తెచ్చుకుంది. విమానం ఎక్కే మనిషి ‘క్యూ సంపుతుంది’ అని రాస్తే అది ఫిర్యాదు. పొద్దున సిరాజ్ గురించి ‘సంపిండు’ అని రాస్తే అది పొగడ్త. బ్యాంకులు, ఫుడ్ డెలివరీ యాప్‌లు, ఆస్పత్రులు, కస్టమర్ మాటతో పని ఉన్న ఎవరికైనా ఈ తేడా పట్టుకోగలిగేవాళ్లు కావాలి. ఇంత తెలుగు వచ్చిన మీరు ఆ తెలుగును రెజ్యూమేలోంచి ఎందుకు దాచేస్తారో నాకు అర్థం కాదు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. అదంతా మనకు ఒక బస్సు దూరంలోనే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు దారులు. అంకెలు ఇష్టమైతే ఏదైనా ఒక పోటీ పురుషుల ఫ్రీ స్కేట్ ప్రొటోకాల్ తీసుకోండి. ఒకటే చాలు. పీడీఎఫ్‌లోని పట్టికను పైథాన్‌తో బయటికి లాగడమే సగం పని, ఆ అవస్థ పడితేనే డేటా క్లీనింగ్ అంటే ఏంటో తెలుస్తుంది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి. సొంత దేశపు స్కేటర్‌కు జడ్జి మిగతావాళ్లకన్నా ఎక్కువ వేస్తున్నాడా? ఒక్క పోటీతో తేలదు, పది పోటీలు చూడాల్సి వస్తుంది. అప్పుడు ఆటోమేట్ చేయక తప్పదు. అలా ప్రాజెక్టు దానంతటదే పెరుగుతుంది.

మాటలు ఇష్టమైతే 500 స్పందనలు పోగేయండి. క్లాస్‌మేట్లకు వీడియోలు చూపించి, అడిగి రాయించుకున్నవైతే ఇంకా మంచిది. అనుమతి సమస్య ఉండదు. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం దాచుకోవద్దు. ఒక్కోటి మెప్పా, తిట్టా, ఎత్తిపొడుపా అని ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టాలి. ఇద్దరికీ ఎంత పొంతన కుదిరిందో కోహెన్ కప్పా అనే కొలతతో చెప్పొచ్చు. మనుషులిద్దరికే పొంతన కుదరని చోట మోడల్‌ను తప్పుపట్టి లాభం లేదు. ఈ ఒక్క ముక్క ఇంటర్వ్యూలో చెప్పినా ఎదుటివాళ్లు కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతారు.

యాక్యురసీ విషయంలో జాగ్రత్త. 500 స్పందనల్లో 450 పొగడ్తలే అయితే, కళ్లు మూసుకుని ప్రతిదాన్నీ పొగడ్త అనే మోడల్‌కు కూడా 90 శాతం వస్తుంది. కాబట్టి ‘తిట్లలో ఎన్నిటిని పట్టుకుంది?’ అని విడిగా చూపించాలి.

ప్రతి స్పందన పక్కన తేదీ, టైము తప్పనిసరి. ఎందుకో నేథన్ చెన్‌నే అడగాలి. 2018 ఫిబ్రవరి 16న ప్యాంగ్‌చాంగ్ షార్ట్ ప్రోగ్రామ్‌లో ఆయన జంపులన్నీ చెడిపోయి 17వ స్థానంలో మిగిలాడు. మర్నాడు ఫ్రీ స్కేట్‌లో ఆరు క్వాడ్‌లు వేసి 215.08 తెచ్చుకున్నాడు. ఆ రోజుకు అదే టాప్ స్కోరు. మొత్తం మీద ఐదో స్థానానికి ఎగబాకాడు. ఒకే మనిషి మీద 24 గంటల తేడాతో వచ్చిన మాటలను ఒకే సంచిలో పోసి సగటు తీస్తే ‘పర్వాలేదు’ అని తేలుతుంది. ఆ రెండు రోజుల్లో పర్వాలేదన్నట్టుగా గడిచిన గంట ఒక్కటీ లేదు.

ఐస్ స్కేటింగ్ వద్దనుకుంటే మన ఊరి ఆటతోనే మొదలుపెట్టండి. ఇందిరా పార్కులో స్కేటింగ్ రింక్ ఉంది. పిల్లలు ప్రాక్టీస్ చేసే టైముకు వెళ్లి, కోచ్‌ను అడిగి, ఏ జంప్‌కు ఎన్ని మార్కులో తెలుగులో రాసిపెట్టుకోండి. ఐస్‌లోనే చూస్తామంటే, గ్రాండ్ ప్రీ పోటీలు ఏటా అక్టోబరులో మొదలై దాదాపు వారానికొకటి జరుగుతాయి. ప్లేస్‌మెంట్ల సీజన్ కూడా ఇంచుమించు అప్పుడే.