సైకిలు మీద పోయే కూలీకి చట్టమేమిస్తుంది?

కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయే దారిలో సైకిలు కూలీని కారు గుద్దిందనుకోండి. ముందు వినబడే మాట ఒక్కటే: "సైకిలోడే అడ్డమొచ్చిండు". ఆపైన పెద్దమనుషులు చేరతారు. పదో ఇరవయ్యో వేలు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు.

ఆ వేలిముద్ర వేయొద్దని మేము చెబుతున్నాం. కారుకు బీమా ఉంటే పరిహారం కట్టవలసింది కంపెనీయే. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను 2022 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో అమలవుతున్నది. తప్పెవరిదో రుజువు చేయనక్కర లేకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, ప్రాణం పోతే 5 లక్షలు. ఎముక విరిగితే తీవ్ర గాయమే. ఇంకా ఎక్కువ రావాలంటే 166 కింద దావా వేయాలి. అక్కడ డ్రైవరు నిర్లక్ష్యం చూపాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా మనముండే చోటి ట్రిబ్యునల్లోనే వేయవచ్చు. చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు.

గుద్దిన బండి ఏదో తెలియకపోయినా తీవ్ర గాయానికి 50 వేలు, చావుకు 2 లక్షలు ఉన్నాయి. రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టాలి.

"జీతం చీటీ ఏదీ?" అంటాడు కంపెనీ వకీలు. కూలీకి చీటీ ఎవడిస్తాడు? 2011లో రామచంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు, నెలకు 4,500 సంపాదిస్తానన్న కూలీ మాటను కాగితం లేకుండానే ఒప్పుకున్నది. 2004 నాటి కూలి రేట్లకు అది సబబేనన్నది.

కారు నంబరు రాసుకోండి. ఎఫ్ఐఆర్ నకలు పైసా ఇవ్వకుండా అడిగి తీసుకోండి. ఆసుపత్రి చీటీలు దాచండి. సైకిలును పాత సామాన్లోడికి అప్పుడే వేయకండి. దెబ్బ ఎటు నుంచి తగిలిందో వంగిన చక్రం చెబుతుంది.