కలివి కోడి మళ్లీ కనబడింది

కడప జిల్లాలో లంకమల కొండలు ఉన్నాయి. వాటి కింద ముళ్లపొదల చిట్టడవి ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడికి కట్టెలకు పోతారు. మేకలు తోలుకుపోతారు. ఆ పొదల్లోనే కలివి కోడి ఉంటుంది.

పేరుకు కోడే గాని ఇది కోడి కాదు. కళ్లు పెద్దవి. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. కలివి పొదల నడుమ తిరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పగలు కంటబడదు. రాత్రిపూట తిరిగి చెదలు, చీమలు ఏరుకు తింటుంది.

1848లో ఈ పిట్ట పుస్తకాలకు ఎక్కింది. జెర్డాన్ అనే డాక్టరు దాన్ని కనుగొన్నాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనబడింది. ఆ తర్వాత చదువుకున్నవాళ్లెవరూ దాన్ని చూడలేదు. ఈ పిట్ట ఇక లేదనుకున్నారు.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మాత్రం ఆశ వదల్లేదు. బొమ్మ పట్టుకుని ఊళ్లల్లో అడిగారు. "ఇది కలివి కోడి గదా!" అన్నారు అక్కడివాళ్లు. 1986 జనవరిలో ఒక వేటగాడు రాత్రిపూట దాన్ని ప్రాణంతో పట్టుకున్నాడు. 86 ఏళ్లుగా లేదనుకున్న పిట్ట ఉందని లోకానికి తెలిసింది. పుస్తకాల్లో లేకుండా పోయినా, ఊరివాళ్ల నోట దాని పేరు బతికే ఉంది.

ఆ తర్వాత ఆ అడవిని లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. పిట్ట జాడ తెలుసుకోవడానికి ఒక ఉపాయం చేశారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచారు. పొద్దున్నే దాని మీద అడుగుల గుర్తులు చూశారు.

ఈ పిట్టకు పొదలు మరీ దట్టంగా ఉండకూడదు. పూర్తిగా లేకుండానూ పోకూడదు. నడవడానికి జాగా, దాక్కోవడానికి పొద రెండూ కావాలి. కొద్దిగా మేకలు మేసినా, కట్టెలు కొట్టినా పొదలు పలచగా ఉంటాయి. అది మంచిదే. మితిమీరితే చేటు. యంత్రాలతో నేలంతా చదును చేస్తే పిట్టకు చోటే ఉండదు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట ఉండే చోటికి వచ్చింది. అందుకని కాలువ దారి మార్చారు.

ఇప్పటికీ కలివి కోడి చాలా అరుదు. లోకంలో ఇంకెక్కడా ఈ పిట్ట ఉన్నట్టు తెలియదు.

కొత్త పిట్ట కనబడితే పట్టకండి. కొట్టకండి. ఎక్కడ, ఎప్పుడు చూశారో కాగితం మీద రాసి పెట్టండి. అటవీశాఖ వాళ్లకు చెప్పండి. మీకు రాయడం వచ్చు గదా!

ఆలోచించండి:
మీ ఊళ్లో ఒకప్పుడు ఉండి, ఇప్పుడు కనబడని పిట్టలు ఏవి?
వాటి పేర్లు పెద్దవాళ్లను అడిగి రాయండి.