నడుముకు పంపు ఉన్నా ఇంట్లో సూది తప్పదు

గోదావరి భద్రాచలం వద్ద 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ లెక్క ఏటి ఒడ్డు గ్రామాల్లో పిల్లలకు సైతం తెలుసు. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. దారులు మునిగాయి. అలాంటి రోజుల్లో కొన్ని ఇళ్ళలో బియ్యం కన్నా ముందు సర్దుకోవలసింది ఇన్సులిన్.

పెద్దల్లో వచ్చే చక్కెర వ్యాధి చాలామందికి మాత్రలతో అదుపులో ఉంటుంది. ఎక్కువగా పిల్లల్లో, పడుచువారిలో బయటపడే మొదటి రకం వేరు. వారి శరీరంలో ఇన్సులిన్ తయారు కాదు. బయటినుంచి రోజూ ఇవ్వక తప్పదు. మానితే ప్రాణానికే ముప్పు. ఆకు పసర్లు దీనికి బదులు కావు.

పంపు ఎలా పనిచేస్తుంది?

రోజుకు మూడు నాలుగు సూదులకు బదులు కొందరు ఇన్సులిన్ పంపు వాడుతున్నారు. అరచేతిలో ఇమిడే ఈ యంత్రాన్ని నడుముకు తగిలించుకుంటారు. సన్నని గొట్టం చివరనున్న మెత్తని నాళిక చర్మం కింద ఉంటుంది. మందు రోజంతా కొద్దికొద్దిగా ఎక్కుతుంది. ధర మాత్రం లక్షల్లో ఉంది.

నాళికను రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. చేతులు సబ్బుతో కడిగి, చర్మాన్ని స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద, చెమట మీద పట్టీ అంటదు. బొడ్డుకు రెండు వేళ్ళ దూరం వదలాలి. ప్రతిసారీ చోటు మార్చాలి. ఒకేచోట గుచ్చితే గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు. సూదితో పొడుచుకునేవారికీ ఇదే నియమం. నాళికను పడుకోబోయే ముందు కాక పగటిపూట మార్చి, రెండు గంటలలోగా రక్తపరీక్ష చేసుకోవాలి.

పైపు మడతపడితే మడికి నీళ్ళు ఆగినట్లే, నాళిక వంగితే మందు ఆగిపోతుంది. పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే రకం. కొన్ని గంటల్లోనే చక్కెర పెరుగుతుంది. వెంటనే డాక్టరు ముందుగా చెప్పి ఉంచిన మోతాదు సూదితో వేసుకుని, నాళిక మార్చాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. అడవి అంచు గూడెం నుంచి ఆ ప్రయాణానికే గంటలు పట్టవచ్చు. అందుకే పంపున్న ఇంట్లోనూ సూదులు, అదనపు బుడ్డి ఉండాలి.

బుడ్డి మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూత సిరంజి వాడాలి. తారుమారైతే మోతాదు తప్పుతుంది.

ఎండలో, వానలో

తెరవని బుడ్డిని ఫ్రిజ్‌లో ఉంచాలి. గడ్డకట్టే అరలో పెట్టరాదు. ఫ్రిజ్ లేనివారు పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, బుడ్డిని డబ్బాలో మూసి అందులో ఉంచవచ్చు. కుండను నీడన పెట్టి, ఇసుక ఆరకుండా చూడాలి. పొలం పనికి వెళ్ళేవారు పంపుకు నేరుగా ఎండ తగలనివ్వరాదు. చక్కెర పడిపోతే తినడానికి పంచదార పొట్లం వెంట ఉంచుకోవాలి.

వానాకాలం రాగానే నెలకు సరిపడా మందు, సూదులు, నాళికలు తెచ్చుకోవాలి. మొదటి హెచ్చరిక వినపడ్డాక బయలుదేరుదామనుకుంటే దారి ఉండకపోవచ్చు.